పాత మందే కదా, మావాడికి వేసి చూడొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పూతలపట్టు దగ్గర పల్లె. మావాడికి తొమ్మిదేండ్లు. పుట్టిన ఏడో నెలలో, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, తలసీమియా మేజర్ అని చెప్పినారు. అప్పటినుంచి మూడు వారాలకోసారి తిరుపతి రుయా ఆసుపత్రికి పోయి రక్తం ఎక్కించుకోనొస్తాండాము. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోతాడు, నాకు రెండు ఆవులుండాయి. పోయిన నెల తలసీమియా పిల్లోళ్ల అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. థాలిడోమైడ్ అని పాత మందుంది, చవక, అది వేస్తే ఇంక రక్తం ఎక్కించే పనే ఉండదు అని. ఒకామె హైడ్రాక్సీయూరియా మేలంటుంది. షుగరు మాత్ర కూడా పనిచేస్తుందని ఇంకొకాయన పెట్టినాడు. మా మరిది బెంగళూరులో మందుల షాపులో పనిచేస్తాడు. అడగతానే ఆ థాలిడోమైడ్ ఒక అట్ట పంపించినాడు. ఇంకా వేయలేదు, ఫ్రిజ్ మీద పెట్టినాను. పాత మందే కదా, ఎంతోమంది వాడిందే కదా, వేసి చూడొచ్చా? మావాడి ఫెరిటిన్, అదే ఒంట్లో ఐరన్ ఎంత చేరిందో చెప్పే రక్తపరీక్ష, 3,800 ఉంది. ఐరన్ తగ్గేదానికి ఇచ్చిన మాత్ర నీళ్లలో కలిపిస్తే వాంతొస్తుందని తాగడు. వారంలో మూడు నాలుగు దినాలే తాగిస్తాండాను. రక్తం ఆగిపోతే ఆ మాత్ర బాధ కూడా ఉండదని ఆశ. ఇంకొక మాట. మా పాపకు 19, డిగ్రీ చదువుతాంది. మా అన్న కొడుక్కే ఇవ్వాలని రెండిండ్లలోనూ అనుకుంటాండాము. దానికేమన్నా ఇబ్బందా?
— ఒక తల్లి, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఫ్రిజ్ మీదున్న అట్ట సంగతి చూద్దాం. అది వేయకండి. క్యాప్సూల్ విప్పి చూడకండి, చెత్తలోనో దొడ్లోనో పారేయకండి. ఈసారి రుయాకు వెళ్లేటప్పుడు కవరులో చుట్టి తీసుకెళ్లి మీ డాక్టరుకు గానీ అక్కడి ఫార్మసీలో గానీ అప్పగించండి. ఈలోపు ఇంటికి వచ్చిపోయేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఉంటే దాన్ని ముట్టనివ్వకండి. మీ మరిది మీద కోపం వద్దు, అన్న కొడుకు మీద ప్రేమతోనే పంపాడు. ఆ మందు కథ తెలిసుంటే మాత్రం కొరియర్‌లో పెట్టేవాడు కాదు.

థాలిడోమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చింది. ఏ ప్రమాదమూ లేదని ప్రచారం చేశారు, డాక్టరు చీటీ అడక్కుండానే అమ్మారు. వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులు వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కు తీసుకునేసరికి పదివేల మందికి పైగా పిల్లలు చేతులో కాళ్లో సరిగా ఏర్పడకుండా పుట్టారు, చాలామంది పురిట్లోనే పోయారు. గర్భం నిలిచాక మూడు నుంచి ఐదు వారాల మధ్య ఒక్క మాత్ర పడినా చాలు, బిడ్డకు చేటు జరగొచ్చు. నెల తప్పిందో లేదో అని ఆడవాళ్లు ఇంకా వేళ్లమీద లెక్క పెట్టుకునే రోజులవి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారి, సురక్షితమని చూపే ఆధారాలు చాలవంటూ అనుమతి బిగబట్టింది కాబట్టి ఆ దేశం చాలావరకు తప్పించుకుంది.

అక్కడితో దాని కథ ముగియలేదు. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ అనే డాక్టరు, ఒళ్లంతా నొప్పి గడ్డలు లేచి నిద్ర లేక అల్లాడుతున్న కుష్ఠు రోగికి ఈ మందును నిద్ర కోసమే ఇచ్చాడు. నిద్ర పట్టింది, దాంతోపాటు గడ్డలూ తగ్గుముఖం పట్టాయి. ఆ దారిన 1998లో కుష్ఠులో వచ్చే ఆ నొప్పి గడ్డలకు, 2006లో మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరుకు అమెరికా ప్రభుత్వం ఈ మందును అనుమతించింది. కాబట్టి ఇది విషమని నేననడం లేదు. ఒక జబ్బుకు తయారైన మందు ఇంకో జబ్బుకు అక్కరకు రావడం వైద్యంలో కొత్తా కాదు, తప్పూ కాదు. మీ గ్రూపులో వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఎంతుందో చూద్దాం, కొంత ఉంది.

ఎర్రకణాల్లో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులు జోడెద్దుల్లా పనిచేస్తాయి. మీవాడి ఒంట్లో బీటా ఎద్దు లేదు, లేదా నిలబడలేనంత నీరసంగా ఉంది. జోడు లేని ఆల్ఫా ఊరుకోదు, ఎర్రకణం లోపలే గడ్డకట్టి దాన్ని పాడు చేస్తుంది. అందుకే ఎముక మజ్జలో ఎర్రకణాలు ఎదిగే లోపే చచ్చిపోతాయి. అయితే తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు బీటాతో పని లేదు, దాని బదులు గామా అనే ఇంకో ఎద్దు కాడి మోస్తుంది. పుట్టిన కొన్ని నెలలకు గామా పక్కకు తప్పుకుని బీటా వస్తుంది. మీవాడు పుట్టినప్పుడు బాగానే ఉండి ఏడో నెలలో బయటపడ్డాడు చూడండి, కారణం ఇదే. సికిల్ సెల్ అనే ఇంకో హిమోగ్లోబిన్ జబ్బున్న పిల్లలు పుట్టిన కొత్తలో ఎందుకు బాగుంటారన్నదాన్ని 1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు గమనించి, చిన్నప్పటి హిమోగ్లోబినే వాళ్లను కాస్తోందని చెప్పింది. మరి విశ్రాంతి తీసుకుంటున్న ఆ గామాను మళ్లీ కాడికి కడితే?

మీ గ్రూపులో తిరిగే మందులన్నీ దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే. 1982లో అమెరికాలో 5-అజాసైటిడిన్ అనే క్యాన్సరు మందును ఒక తలసీమియా రోగికి కొద్ది రోజులిచ్చి చూస్తే గామా నిజంగానే పెరిగింది. కానీ అది రోజూ ఏళ్ల తరబడి ఇవ్వగలిగిన మందు కాదు. అంతకంటే నెమ్మదైన హైడ్రాక్సీయూరియా మీదికి దృష్టి మళ్లింది. దాన్ని 1869లోనే జర్మనీలో తయారుచేశారు. దాదాపు వందేళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1967లో క్యాన్సరు మందుగా అనుమతి వచ్చింది. సికిల్ సెల్ పెద్దవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 1995లో వచ్చింది. నొప్పి దాడులు సగం దాకా తగ్గాయి. 1998లో పెద్దవాళ్లకు, 2017లో రెండేళ్లు దాటిన పిల్లలకు అమెరికాలో అనుమతించారు. మన పాడేరు, అరకు వైపు గిరిజన పల్లెల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఇప్పుడు డాక్టర్లు రాసే మందు అదే. పాత మందు కొత్త జబ్బుకు పనికొచ్చిందంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

అయితే సికిల్ సెల్ వేరు, మీవాడి జబ్బు వేరు. సికిల్‌లో ఎర్రకణం తయారవుతుంది, కాకపోతే కొడవలిలా వంగిపోతుంది. గామా కొంచెం పెరిగినా ఆ వంగడం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. బీటా మేజర్‌లో కణమే తయారు కావడం లేదు. అక్కడ కొంచెం పెరిగితే సరిపోదు. అందుకే హైడ్రాక్సీయూరియా అప్పుడప్పుడు మాత్రమే రక్తం అవసరమయ్యే మధ్యరకం తలసీమియాలో బాగా పనిచేస్తుంది. మేజర్‌లో కొందరికి రక్తం ఎక్కించే గడువు కాస్త పెరుగుతుంది, చాలామందికి పెద్ద తేడా ఉండదు. ఎవరికి ఎంత అన్నది వాళ్ల జన్యు లోపం ఏ రకమన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. మీ గ్రూపులో ఒకామె మేలంటుందంటే ఆమె బిడ్డకు నిజంగానే మేలు చేసి ఉండొచ్చు. ఆ బిడ్డది ఏ రకం? ఆ సంగతి మెసేజ్‌లో రాలేదు కదా.

ఈ మాట తలసీమియాకే కాదు. డెస్మోప్రెసిన్ అని ఒక మందుంది, అతిమూత్రం జబ్బుకు వాడేది. 1977లో ఇటలీలో మన్నూచీ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దాన్ని హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఉన్నవాళ్లకు పళ్లు పీకే ముందు ఇచ్చారు, రక్తం ఆగింది. రక్తనాళాల గోడల్లో దాచి ఉన్న, రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్‌ను అది బయటికి వదిలిస్తుంది. తక్కువ తీవ్రత ఉన్నవాళ్లకు అది వరమే. తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్లకు ఇస్తే ఏ ఉపయోగమూ ఉండదు, వాళ్లలో దాచి ఉన్నదే లేదు కాబట్టి. జబ్బు పేరు ఒకటే, మందు ఒకటే, ఒకరికి రక్తం ఆగుతుంది, పక్కవాడికి ఆగదు.

ఇప్పుడు థాలిడోమైడ్. చైనాలో, పాకిస్తాన్‌లో, మన దేశంలో డాక్టర్లు దీన్ని తలసీమియాలో వాడి చూశారు, చూస్తున్నారు. ఫలితాలు కొట్టిపారేసేవి కావు. చాలామందికి హిమోగ్లోబిన్ పెరిగింది, కొంతమందికి నెలల తరబడి రక్తమే అక్కర్లేకపోయింది. కొందరికి ఏమాత్రం పెరగలేదు. ఈ పరీక్షలు చాలావరకు చిన్నవి, కొద్ది నెలలో ఏడాదో రెండేళ్లో నడిచినవి. మీవాడికి తొమ్మిదేండ్లు. వాడు వేసుకోవాలంటే వచ్చే ముప్ఫై ఏళ్ల సంగతి చూసుకోవాలి. అన్నేళ్లు వాడిన తలసీమియా పిల్లలు ఇంకా ఎక్కడా లేరు. మందు పాతదే, మీవాడి జబ్బులో మాత్రం అది కొత్త మందు. ‘ఎంతోమంది వాడిందే కదా’ అన్నారు. వాడినవాళ్లు వేరే జబ్బులవాళ్లు, ఎక్కువమంది పెద్దవాళ్లు.

దాని చెడు గుణాల్లో మీకు ముఖ్యమైనవి చెప్తాను. కాళ్లూ చేతుల్లో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, మంటలు రావొచ్చు. మందు ఆపినా అవి పూర్తిగా పోకపోవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లాడు ‘కాలు మొద్దుబారింది’ అని చెప్పడు, చెప్పులు జారిపోతున్నాయంటాడు, మీరు అల్లరనుకుంటారు. రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. తలసీమియాలో అది ముందే ఎక్కువ, ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లలో ఇంకా ఎక్కువ. మత్తు, మలబద్ధకం, తెల్లకణాలు తగ్గడం సరేసరి. మగవాళ్లు వాడితే వీర్యంలోకి కూడా మందు వస్తుంది, కాబట్టి వయసొచ్చాక వాడికీ జాగ్రత్తలుంటాయి. వీటన్నిటికంటే ముందు, పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ అట్ట ఫ్రిజ్ మీద ఉండటం నాకు నచ్చలేదు. రేపు ఆ అమ్మాయి పెళ్లయి పుట్టింటికి వస్తుంది, తలనొప్పని మాత్ర వెతుక్కుంటుంది.

అంటే ఎప్పటికీ వద్దా? అలా అనను. కొన్ని కేంద్రాల్లో రక్తవ్యాధుల నిపుణులు కాగితం మీద సమ్మతి రాయించుకుని, ముందు నరాల పరీక్ష చేయించి, తరచూ రక్తపరీక్షలు చూస్తూ కొంతమందికి ఇస్తున్నారు. పెద్ద పిల్లలకు, రక్తానికి ప్రతిరక్షకాలు పుట్టి సరిపోయే రక్తం దొరకనివాళ్లకు, రక్తం సరిగ్గా అందని ఊళ్లవాళ్లకు వాళ్లు మొదట ఆలోచిస్తారు. మీవాడికి రక్తం క్రమంగా అందుతోంది. ఎవరైనా పరిశోధనలో చేర్చుకుంటామంటే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. మన దేశంలో మందుల పరీక్షలన్నీ నమోదయ్యే ప్రభుత్వ పట్టిక అది. నంబరు లేదన్నా, పరీక్ష మందుకు మీ దగ్గర డబ్బు అడిగినా లేచి వచ్చేయండి.

షుగరు మాత్ర, అంటే మెట్‌ఫార్మిన్, ల్యాబుల్లో గామాను పెంచిందన్నది నిజమే. మనుషుల మీద చిన్న పరీక్షలు జరిగాయి. వైద్యమని చెప్పుకునే దశకు అది రాలేదు, మీరు దాన్ని మర్చిపోవచ్చు. గ్రూపులో ఇంకా రాలేదేమో గానీ నాకు ఆసక్తిగా అనిపించేది ఆమ్లోడిపిన్, బీపీ మాత్ర. గుండె కణాల్లోకి క్యాల్షియం పోయే దారుల్లోనే ఐరన్ కూడా దూరుతుంది. ఆ దారి మూసే మాత్ర ఇది. 2016లో బ్రెజిల్ డాక్టర్లు ఐరన్ తగ్గించే మందుతో కలిపి దీన్ని ఏడాదిపాటు ఇస్తే, గుండెలో ముందే ఐరన్ చేరినవాళ్లకు అది తగ్గింది. ఇది చదివి మీ మామగారి బీపీ మాత్ర సగం విరిచి వాడికి వేయకండమ్మా. పెద్దవాళ్ల మోతాదు పిల్లలకు పనికిరాదు, గుండెలో ఐరన్ ఉందో లేదో తెలియకుండా దాంతో పనే లేదు.

ఇన్ని పాత మందులున్నా తేల్చి చెప్పే పెద్ద పరీక్షలు ఎందుకు లేవని మీరు అడగొచ్చు. పేటెంటు గడువు ముగిసిన, రూపాయల్లో దొరికే మాత్ర మీద కోట్లు పెట్టి పరీక్ష చేయడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? అదే ఒక కొత్త జన్యు చికిత్స 2023 చివర్లో సికిల్ సెల్‌కు, 2024 మొదట్లో తలసీమియాకు అమెరికాలో అనుమతి పొందింది, ఒక్కొక్కరికి ధర 22 లక్షల డాలర్లు. మనలాంటి దేశాలకు పాత మందుల మీద పరిశోధనే దారి, ఆ డబ్బు ప్రభుత్వమే పెట్టాలి. సికిల్ సెల్ కోసం 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలుపెట్టారు, సంతోషం. తలసీమియాకు కూడా ఆ స్థాయి పట్టుదల ఉంటే మీరు జవాబు కోసం వాట్సాప్ వైపు చూసేవాళ్లు కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది థాలిడోమైడ్ కాదు, ఫెరిటిన్ 3,800. ఎక్కించే ప్రతి రక్తపు సంచితో దాదాపు 200 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి పోతుంది. ఒంటికి దాన్ని బయటికి పంపే దారి దాదాపు లేదు, రోజుకు ఒక మిల్లీగ్రాము పోతే గొప్ప. మూడు వారాలకో సంచి చొప్పున ఏడాదికి మూడు గ్రాములు దాటుతుంది. ఎదిగిన మగవాడి ఒంట్లో మొత్తం ఉండే ఐరన్ మూడు నాలుగు గ్రాములే. అంటే మీవాడి ఒంట్లో ఏటా ఒక పెద్దమనిషి ఐరనంతా వచ్చి చేరుతోంది. అది గుండెలో, కాలేయంలో, ఎదుగుదలకు కావలసిన గ్రంథుల్లో పేరుకుంటుంది. రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయింది రక్తం తక్కువవడం కాదు, గుండెలో ఐరన్. ఫెరిటిన్ 2,500 దాటి అలాగే ఉంటే గుండెకు ముప్పు పెరుగుతుంది. థాలిడోమైడ్ వేసి రక్తం ఆపినా ఇప్పటికే చేరింది అలాగే ఉంటుంది. పైగా తలసీమియాలో పేగులు కూడా తిండిలోంచి ఐరన్‌ను అవసరానికి మించి లాగుతాయి. రక్తం ఆగితే మాత్ర ఆపొచ్చన్న ఆశ ఇప్పుడే వదులుకోండి.

ఆ మాత్ర పేరు డెఫెరాసిరాక్స్ అయ్యుంటుంది, నీళ్లలో కరిగించే రకం. అది సున్నపు నీళ్లలా ఉంటుంది, పిల్లాడు ముఖం తిప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. పొద్దున పరగడుపున, అన్నానికి అరగంట ముందు ఇవ్వమని చెప్పి ఉంటారు. నీళ్లు నచ్చకపోతే నారింజ రసంలోనో యాపిల్ రసంలోనో కలపొచ్చు. పాలల్లో వద్దు, సోడా కూల్‌డ్రింకుల్లో వద్దు. గడ్డలు లేకుండా బాగా తిప్పండి. చాలామంది అమ్మలు ఇక్కడే పొరపడతారు: వాడు తాగాక గ్లాసు అడుగున తెల్లగా మందు అంటుకుని ఉంటుంది. అందులో ఇంకొంచెం నీళ్లు పోసి తిప్పి అది కూడా తాగించాలి. లేదంటే ఇచ్చినరోజు కూడా పూర్తి మోతాదు పడదు. ఇదంతా చేసినా వాంతే అయితే, నీళ్లలో కలపక్కర్లేకుండా మింగే రకం మాత్ర వేరే ఉంది, దాని మోతాదు తక్కువగా లెక్కేస్తారు, కొద్దిపాటి తిండితో కూడా వేసుకోవచ్చు. మీ డాక్టరును అదే అడగండి. రెండు రకాల మోతాదులు ఒకటి కాదు కాబట్టి షాపులో మీరే మార్చి తెచ్చుకోవద్దు. కిడ్నీ, కాలేయం పరీక్షలు నెలనెలా ఉంటాయి. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చి పిల్లాడు నీరసించినప్పుడు మాత్ర ఇవ్వాలా ఆపాలా అన్నది ఫోనులోనైనా డాక్టరునడిగి చేయండి. వారానికి మూడు దినాలు కాస్తా ఏడు దినాలైతే వచ్చే ఏడాదికి మీ లెక్క మారిపోతుంది. వాడి వయసుకు గుండెలో ఐరన్ చూసే ఎంఆర్‌ఐ టీ2 స్టార్ పరీక్ష మొదలుపెట్టాలి. చేయించలేదనుకుంటా, అది కూడా అడగండి. ఊళ్లో ఎవరైనా రక్తం పడుతుందని ఐరన్ టానిక్ తెచ్చిస్తే మాత్రం తాగించొద్దు.

రక్తం అక్కర్లేని బతుకు కావాలన్నది మీ కోరిక. దానికి ఇప్పటికి మనకు అందే, రుజువైన దారి ఎముక మజ్జ మార్పిడి. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. మీ పాప వాడికి తోడబుట్టింది. ఇద్దరి హెచ్‌ఎల్‌ఏ, అంటే ఒకరి మజ్జ ఇంకొకరికి సరిపోతుందో చెప్పే కణాల గుర్తులు, కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఆమెకు తలసీమియా మైనర్ ఉన్నా, అంటే జబ్బు లేకుండా దాని గుణం మాత్రమే ఉన్నా సరే, దాతగా పనికొస్తుంది. మీకు చిత్తూరు మీదుగా వేలూరు ఎంతో దూరం లేదు. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో ఏళ్లుగా తలసీమియా పిల్లలకు మజ్జ మార్పిడి చేస్తున్నారు. కోల్ ఇండియా సొమ్ముతో నడిచే తలసీమియా బాల సేవా యోజన కింద పది లక్షల వరకు సాయం వస్తుంది. దానికి వయసు, ఆదాయం నిబంధనలున్నాయి, అందుకే ‘చూద్దాంలే’ అని ఏడాది జరపొద్దు. పైగా కాలేయంలో ఐరన్ ఎంత తక్కువుంటే మార్పిడి అంత క్షేమం. అంటే ఆ నచ్చని మాత్రే మళ్లీ దీనికీ ఆధారం. మార్పిడికి ప్రమాదాలు లేకపోలేదు, అవి వాళ్లు కూర్చోబెట్టి చెప్తారు. కలవకపోతే కలవలేదు, కనీసం తెలుస్తుంది. ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో తలసీమియాకు విభాగం ఉంది, వికలాంగుల చట్టం 2016లో కూడా ఈ జబ్బు పేరుంది. రెండూ సచివాలయంలో కనుక్కోండి, ఇదివరకే వస్తుంటే సరే.

చివరికి మీరు ‘ఇంకొక మాట’ అని రాసింది. నన్నడిగితే అది ఉత్తరం మొదట్లో ఉండాల్సింది. మీవాడికి మేజర్ ఉందంటే మీరూ మీవారూ ఇద్దరూ మైనర్లు. మైనర్ అంటే జబ్బు కాదు, కొంచెం రక్తం తక్కువుంటుందంతే. మీ కాన్పులప్పుడు ఎంత ఐరన్ మాత్ర వేసినా రక్తం పెరగలేదని అని ఉంటారు, గుర్తుందా? మేజర్ లేని మీ పాప మైనర్ అయ్యుండే అవకాశం మూడింట రెండు. మీ మైనర్ గుణం మీ అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర్నుంచి వచ్చింది, కాబట్టి మీ అన్నకు ఉండే అవకాశం సగం, ఆయన కొడుక్కు నాలుగింట ఒకటి. బయటి సంబంధమైతే మన దేశంలో వందకు ముగ్గురు నలుగురే మైనర్లుంటారు. మేనరికంలో అది ఇరవై అయిదుకు ఎగబాకుతోంది. ఇద్దరూ మైనర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ‘మొదటి బిడ్డకు వస్తే తర్వాతి ముగ్గురికి రాదు’ అనుకునేవాళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి లెక్క లేదమ్మా, ప్రతిసారీ మొదటినుంచే.

మేనరికం మానుకోమని నేను చెప్పను, అది మీ ఇంటి సంగతి. తాంబూలాలు మార్చుకోక ముందే ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి. మామూలు రక్త లెక్క, దాంతోపాటు హిమోగ్లోబిన్ రకాలను చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే మైనర్ అన్నట్టే. ఐరన్ బాగా తక్కువున్న అమ్మాయిల్లో ఆ అంకె తక్కువ చూపించి తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి హద్దులో ఉంటే డాక్టరుకు చూపించకుండా ‘ఏం లేదు’ అనుకోవద్దు. ఇద్దరిలో ఒక్కరే మైనరైతే పెళ్లికి ఈ జబ్బు అడ్డం కాదు, పిల్లల్లో ఎవరికీ బీటా మేజర్ రాదు. ఇద్దరూ మైనర్లయితే, ఇంకో సంబంధం చూడటమా, పెళ్లి చేసుకుని ప్రతి గర్భంలో పదకొండు పన్నెండో వారానికల్లా బిడ్డకు పరీక్ష చేయించుకోవడమా అన్నది పిల్లలిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. మీ పాపకు తన తమ్ముడి సూది నొప్పి ఏంటో తెలుసు, ఆమె మాట వినండి. బయటి సంబంధం చేసినా ఆమె మైనరైతే ఆ అబ్బాయికీ పరీక్ష తప్పదు. మీ అన్నావదినలు ‘మావాడికేం జబ్బు, పరీక్షెందుకు’ అని నొచ్చుకుంటే, పరీక్ష ముందు మీ పాపకే చేయించి ఆ కాగితం చేతిలో పెట్టండి. ఆమె మైనర్ కాదని తేలితే వాళ్లను అడగాల్సిన పనే ఉండదు.

హెచ్‌ఎల్‌ఏకు, హెచ్‌పీఎల్‌సీకి మీ పాప రక్తం ఒకే రోజు ఇవ్వొచ్చు, రెండుసార్లు తిప్పకండి. మీవాడి జన్యుపరీక్ష కాగితం ఉంటే వేలూరికి అది కూడా తీసుకెళ్లండి. లేకపోతే అక్కడ చేయించమని అడగండి. ఏ పాత మందు వాడికి నప్పుతుందో లేదో అన్న మాట ఎప్పుడైనా వస్తే, డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, ఈసారి ఫోనులో తీసిన మసక ఫొటో కాకుండా అంకెలు కనబడేలా జిరాక్సు పంపండి.